పాత పికప్ కొనదలచినవారికి



నాలుగైదు ఎకరములలో తోటసేద్యము చేసికొనుచు, పండిన కాయను బాడుగ బండిమీద మదనపల్లె టమాటా మార్కెట్టుకో బోయినపల్లి కూరగాయల మార్కెట్టుకో చేర్చి, వచ్చిన పైకములో కొంత బాడుగకును కొంత హమాలీకిని కొంత కమీషనుకును పోగా మిగిలినదానితో సంసారము నెట్టుకొనివచ్చు రైతు, ఏదో యొకనాడు “ఈ బాడుగ డబ్బులు పెట్టి నేనే యొక బండి కొనుక్కొనరాదా” యని తలపోయక మానడు. పట్టణపు సందులలో సిమెంటు, ఇనుము అమ్ముకొను చిన్న వర్తకునికిని, ఇంటింటికి నీళ్ల క్యానులు వేసి బ్రదుకు యువకునికిని ఇదే యాలోచన. పెద్దరకపు క్రొత్త పికప్ వాహనము ధర నేడు పదిలక్షల రూపాయల చాయలకు చేరినది గనుక, ఇట్టివారి చూపు సహజముగనే పాత బండ్లమీదికి పోవును. ఆ పాత బండిని ఎట్లు ఎన్నుకొనవలెనో, అసలు బండియే కావలెనో, లేక ఇంటనున్న ట్రాక్టరు వెనుక ట్రక్కు తగిలించి పని గడుపుకొనవచ్చునో, ఈ విషయమును గూర్చి నేడు మీతో ముచ్చటింప గోరుచున్నాను. పైకి ఇది యంత్రముల చర్చవలె కనబడినను, ఒక కుటుంబము ఏండ్ల తరబడి కూడబెట్టిన ధనమంతయు ఒక్క పూటలో చేతులు మాఱు వ్యవహారమగుటచే, దీనిని తేలికగా తలచుటకు నాకు మనసొప్పదు.

బండిని చూడబోవుటకు ముందు ఎవరి సరకును వారు తూచుకొనవలెను. ఏ బండి యెంత బరువు మోయుటకు నిర్మింపబడినదో రిజిస్ట్రేషను పత్రమగు ఆర్.సి.లోనే తెలియును; అందు ఖాళీబండి బరువు వేఱుగను, సరకుతో కలిపి ఉండదగిన మొత్తపు బరువు వేఱుగను వ్రాయబడి యుండును; రెండవదానినుండి మొదటిదానిని తీసివేయగా మిగిలినంతయే, నడుపువానితోడను ప్రక్కన కూర్చుండువానితోడను సహా, ఆ బండి న్యాయముగా మోయదగిన బరువు. 2005లో టాటావారు విడుదల చేసిన ఏస్ బండి రెండు సిలిండర్ల చిన్న డీజిలు ఇంజనుతో సుమారు 750 కిలోలు మోయునట్లు రూపొందింపబడినది. కోస్తా జిల్లాలలో వాడుకలోనున్న 75 కిలోల ధాన్యపు బస్తాలైనచో అది పది బస్తాలకు మించని మాట. 25 కిలోల టమాటా క్రేట్లైనచో ముప్పది క్రేట్లకు మించని మాట. ఆ పది బస్తాల బండిమీద ఇరువది బస్తాలు వేసికొని, ముందు చక్రములు నేలను తాకియు తాకనట్లుగా పోవు దృశ్యము మన రోడ్లమీద నిత్యము కనబడుచుండుట నాకు మిక్కిలి బాధ కలిగించును. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము అధికబరువునకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్ను ఒక్కింటికి 2,000 రూపాయలు. ఆ జరిమానా యొక యెత్తు, పల్లమునకు దిగునప్పుడు బ్రేకు తొక్కినను నిలువని బండిలో కూర్చున్నవాని ప్రాణము వేఱొక యెత్తు.

కావున బండి పరిమాణమును, సంవత్సరములో అధికభాగము మీ పొలమునుండియో అంగడినుండియో వెడలు సామాన్యపు బరువును బట్టి నిర్ణయించుకొనవలెననియు, కోతల రద్దీలో వచ్చిపడు పెద్ద బరువులకు ఆ కొలది దినములును పెద్ద బండిని బాడుగకు పిలుచుకొనుటయే మేలనియు నా నిశ్చితాభిప్రాయము. రద్దీనాటి బరువును మనసున పెట్టుకొని పెద్ద బండి కొన్నవాడు, తక్కిన దినములన్నియు సగము ఖాళీగా దానిని త్రిప్పుచు డీజిలు ఖర్చును వాయిదాలను మోయవలసివచ్చును. సామాన్యపు దినమును మఱచి మఱీ చిన్న బండి కొన్నవాడు దానిని అధికబరువుతో కొలదికాలములోనే కూల్చివేయును. నేడు నేను చెప్పబోవు తక్కిన మాటలన్నియు ఈ యొక్క మాటను ఆశ్రయించి యున్నవి.

ఇక ఎన్నుకొనుటకు మనకున్న బండ్ల మాట. మన నేలకు చిన్న సరకుబండ్ల తయారీ క్రొత్త కాదు. 1980 దశకమున జపాను సంస్థల సహకారముతో మనదేశమున తేలికపాటి లారీల నిర్మాణమునకు పూనుకొన్నవారిలో హైదరాబాదు ఆల్విన్ సంస్థ యొకటి. నిస్సాన్ సంస్థతో కూడి జహీరాబాదులో కర్మాగారము నెలకొల్పినది. డి.సి.ఎం. టయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మాజ్దా అనునవి ఆ కాలపు తక్కిన జంటలు. ఆ దశకము చివర జహీరాబాదు కర్మాగారము మహీంద్రావారి చేతికి వచ్చినది. నేటికిని అక్కడ సరకుబండ్లు తయారగుచున్నవి. అయితే ఆ కాలపు లారీలు మనవంటి చిన్నవారికి అందునవి కావు. లారీకిని మూడుచక్రముల ఆటోకును నడుమ నున్న ఖాళీని టాటా ఏస్ పూరించిన తరువాతనే చిన్న రైతు, చిన్న వర్తకుడు తనదని చెప్పుకొనదగిన నాలుగు చక్రముల సరకుబండి అందుబాటులోనికి వచ్చినది. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్, 2016లో మారుతీ సూపర్ క్యారీ వచ్చినవి. పల్లెలలో స్థిరపడి, నేటికిని మన మండల కేంద్రములలో అధికముగా కానవచ్చునది మహీంద్రావారి బొలెరో పికప్.

వీని స్వభావములు ఒక్కటి కావు. బొలెరో పికప్ రకమును బట్టి టన్నుంబావు మొదలుకొని 1.7 టన్నులవఱకు మోయును. ఏ చిన్న పట్టణమునకు పోయినను దాని విడిభాగములు దొరకును, దానిని విప్పి బిగింపగల మెకానిక్కు దొరకును. పాత బండి కొనువానికి ఈ రెండు సౌకర్యములకంటె విలువైనవి లేవు. దోస్త్ టన్నుంబావు బరువునకు తగిన బండి, ఊగులాట తక్కువ. ఏస్, సూపర్ క్యారీ ఊరి సందులలో సులువుగా తిరుగును, ఇంధనము తక్కువ త్రాగును. కాని పాడేరు ఘాటువంటి ఎత్తుదారులలో నిండుబరువుతో చిన్న ఇంజనును నిత్యము ఎక్కించువాడు దాని ఆయుష్షును తానే కోసికొన్నవాడగును. ఇంకొక భేదమును గమనింపవలెను. 2020 ఏప్రిల్ నుండి వాహనపు పొగను నియంత్రించు బి.ఎస్. 6 ప్రమాణములు వచ్చినవి. అవి గాలికి మేలు చేయునవే. అయినను ఆ బండ్లలో సెన్సార్లు, పొగను శుద్ధిచేయు సాధనములు హెచ్చినందున, కంప్యూటరు తగిలించి చూడనిదే లోపము తెలియదు. అధీకృత సర్వీసు కేంద్రము ఇరువది మైళ్లలోపల లేని పల్లెవానికి, అంతకు పూర్వపు బండియే, బాగుగా కాపాడబడినదైనచో, సుఖమని నా యెఱుక. కాని మఱీ వెనుకకు పోరాదు: ఎనిమిదేండ్లు దాటిన సరకుబండి ఏటేట ఫిట్‌నెస్ పరీక్షకు నిలువవలెను, పదునైదేండ్లు దాటినచో 2022 నుండి ఆ పరీక్ష రుసుము విశేషముగా పెరిగినది. చవుకగా వచ్చినదని పదునాలుగేండ్ల బండిని కొనుట, అమ్మువాని భారమును మనము ఎత్తుకొనుటయే.

ఇక ట్రాక్టరు మాట. ఇంట ట్రాక్టరున్న రైతుకు దాని వెనుక తగిలించు ట్రక్కు, తెలంగాణములో ట్రాలీ యందురు, అన్నిటికంటె చవుకైన మార్గము. అమెరికావంటి దేశములలో కారు వెనుకనే చిన్న ట్రైలరు తగిలించుకొని సామాను చేరవేసికొందురు. మనకు ఆ వాడుక లేదు, ఆ పని ట్రాక్టరే చేయును. పొలమునుండి కళ్లమునకు, కళ్లమునుండి దగ్గఱనున్న కొనుగోలు కేంద్రమునకో జిన్నింగు మిల్లునకో పోవుటకు దానిని మించినది లేదు. బురదలో పికప్ కూరుకొనిపోవు చోట ట్రాక్టరు తేలికగా నడచును. కాని ముప్పది, నలువది కిలోమీటర్ల తారురోడ్డు ప్రయాణము దానికి తగదు. బురదను పట్టుటకై చేసిన దాని టైరుగుబ్బలు తారుమీద త్వరగా అఱిగిపోవును; వేగము తక్కువగుటచే ఉదయపు ధర దొరకవలసిన కూరగాయ వేలము ముగిసిన పిదప చేరును. అన్నిటికంటె ముఖ్యమైనది, మన ట్రక్కులలో పెక్కింటికి సొంత బ్రేకులు లేవు. నాలుగైదు టన్నుల బరువును ట్రాక్టరు వెనుక చక్రముల బ్రేకులే ఆపవలెను. ఎడమ కుడి చక్రములకు వేఱువేఱుగా ఉండు ఆ రెండు పెడళ్లు పొలములో మలుపు త్రిప్పుటకు ఉపయోగపడును గాని, రోడ్డెక్కగనే వానిని కలిపియుంచు కొక్కెమును వేయవలెను. వేయక ఒక్క పెడలును మాత్రమే త్రొక్కినచో ట్రాక్టరు ఒక ప్రక్కకు గిరుక్కున తిరుగును, వెనుకనున్న బరువు దానిని నెట్టి మడిచివేయును. పల్లమును దిగునప్పుడు ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెను. డీజిలు ఆదాయని న్యూట్రలులో విడిచిపెట్టినవారి కుటుంబములు ఎన్ని దిక్కులేనివైనవో తలచుకొనిన గుండె చెఱువగును. రెండు చక్రముల ట్రక్కులో బరువును మఱీ వెనుకకు వేసినచో కొక్కెము పైకి లేచి ట్రాక్టరు చక్రములు పట్టు తప్పును. మఱీ ముందునకు వేసినచో ఎత్తు ఎక్కునప్పుడు ట్రాక్టరు ముక్కు లేచును. ఇరుసునకు కొంచెము ముందుగా బరువు నిలుచునట్లు సర్దుట నేర్చుకొనవలెను. ట్రక్కునకు వేఱుగా రిజిస్ట్రేషను, వేఱుగా ఇన్సూరెన్సు ఉండవలెను. రాత్రివేళ రోడ్డుప్రక్క నిలిపిన ట్రక్కు వెనుక ఎఱ్ఱని రిఫ్లెక్టరు పట్టీ లేకపోవుటచే జరుగు ప్రమాదములు వార్తాపత్రికలో ఎన్ని మాఱులు చదువుచున్నాము! ఆ పట్టీ ఖరీదు ఒక పూట కూలికూడ కాదు.

పికప్ కొనుటకే నిశ్చయించుకొన్నవారు బండిని చూచుటకు తెల్లవాఱుజామున పోవుట మంచిది. రాత్రియంతయు చల్లబడిన ఇంజను తొలి తాళమునకు ఎట్లు లేచునో ఆ శబ్దమే దాని ఆయుర్దాయమును చాలవఱకు చెప్పును. మీరు పోవునప్పటికే బానెటు వెచ్చగా నున్నచో, అమ్మువాడు ముందుగా దానిని నడపి మీకు చూపుచున్నాడని గ్రహించి మఱునాడు మరల పొండు. ఆరంభమున వెలువడు పొగ కొలది క్షణములలో తేలిపోయినచో దోషము లేదు. నీలిపొగ ఆగక వచ్చుచున్నచో ఇంజను ఆయిలు పిస్టన్ రింగులను దాటి కాలుచున్నదని అర్థము. నల్లపొగ దట్టముగా వచ్చినచో ఎయిర్ ఫిల్టరు మూసికొనిపోయినదో, ఇంజెక్టర్లు చెడినవో చూడవలెను. ఇంజను వేడెక్కిన పిదపను తెల్లపొగ మానకున్నచో రేడియేటరు నీరు సిలిండరులోనికి చేరుచున్నదను అనుమానము కలుగవలెను. ఇంజను నడచుచుండగనే ఆయిలు పోయు మూతను మెల్లగా విప్పి చూచునప్పుడు అచ్చటినుండి ఆవిరి బుసబుస చిమ్ముట కనబడినచో ఆ ఇంజనును త్వరలో విప్పి బోరు చేయింపక తప్పదు; ఆ ఖర్చును ధరలోనుండి తగ్గించి అడుగుటకు మీకు హక్కు కలదు.

ఇంజను చెడినను మార్చవచ్చును. ఛాసిస్ చెడినచో బండియే చెడినది. అందుచేత చేతదీపము పట్టుకొని, బట్టలు మాసినను సరే, నేలమీద పరుండి క్రిందిభాగమును నిదానముగా చూడవలెను. వెనుక కమాను కట్టలు బిగించుచోట ఛాసిస్‌మీద పగుళ్లుగాని వెల్డింగు మచ్చలుగాని యున్నవేమో, కమాను కట్టలలో కంపెనీ యిచ్చిన పట్టీలకు పైగా అదనపు పట్టీలు చేర్చినారేమో పరిశీలింపవలెను. అదనపు పట్టీ చేర్చిన బండి అధికబరువు మోసినదని వేఱొక సాక్ష్యము అక్కఱలేదు. క్రిందిభాగమున మాత్రమే క్రొత్తగా నల్లరంగు పూసిన బండిని నేను నమ్మను. ఆ బండి వెనుకటి వృత్తి యేమో తప్పక అడుగవలెను. భీమవరము, నెల్లూరు ప్రాంతములలో రొయ్యలు చేపలు మోసిన బండ్ల తొట్టినుండి మంచుగడ్డల నీరు, ఉప్పునీరు ఏండ్ల తరబడి కారుటచే పైకి నిగనిగలాడు బండియైనను లోన ఇనుము పొరలుపొరలుగా త్రుప్పుపట్టి యుండును. స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడిచి చూచినచో గుట్టు బయటపడును. ఇటుకలు, ఇసుక, కంకర మోసిన బండ్లకు ఇరుసులును గేరుపెట్టెయు అలసి యుండును. పార్సిళ్లు, రొట్టెలు, దూది వంటి తేలికసరకు మోసిన బండి, మీటరులో కిలోమీటర్లు హెచ్చుగా చూపినను, వీనికంటె మేలు. ఆ మీటరు అంకెలను మార్చుట కష్టమైన పని కాదు గనుక, క్లచ్చి పెడలు రబ్బరు అఱిగిన తీరును, స్టీరింగు పట్టు నునుపును, డ్రైవరు సీటు క్రుంగిన తీరును చూచి లెక్క కట్టుకొనుట నమ్మదగిన పద్ధతి. టైరు ప్రక్కన ముద్రింపబడు నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరము ఇరువదిమూడవ వారమున చేసిన టైరు. పట్టు ఎంత లోతుగా నున్నను ఆఱేడేండ్లు దాటిన టైరు గట్టిపడి వేసవిలో పగులు నపాయము కలదు.

ఇట్లు చూచుట అందఱికిని అలవడదు. విజయవాడ ఆటోనగరువంటి చోటినుండియో, మీ మండలములోనుండియో, అమ్మువానితో సంబంధము లేని మెకానిక్కు నొకనిని కూలియిచ్చి వెంటబెట్టుకొని పోవుట ఉత్తమము. ఆ కూలిని దండుగగా తలచువారిని చూచినచో నాకు విచారము కలుగును. వీలైనచో కొంత బరువు వేసి, ఎత్తుమీదికి నడపి, గేరు దానంతటది జాఱునేమో, క్లచ్చి పట్టు వదలుచున్నదేమో పరీక్షింపవలెను.

ఒక సంగతి బండి తొట్టిని చూచునప్పుడే తెలిసిపోవును. తొట్టి అంచులకు పైపులు బిగించి, కూర్చుండుటకు బల్లలు వేసిన గుర్తులున్నచో అది మనుష్యులను మోసిన బండి. మిరపకోతలకు, ప్రత్తి తీతలకు కూలీలను, అధికముగా స్త్రీలను, ఇట్టి బండ్లలోను ట్రక్కులలోను క్రిక్కిరిసి తీసికొనిపోవు ఆచారము మనకు కలదు. 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారము, సరకుబండిలో ఊరక ఎక్కించుకొన్నవారు మరణించినచో ఇన్సూరెన్సు సంస్థ పరిహారము చెల్లింపనక్కఱలేదు. సరకు యజమానియో అతని ప్రతినిధియో అయినచో మాత్రమే చట్టము రక్షణ కల్పించును. పరిహారమంతయు బండి యజమాని నెత్తిన పడును. అతడు పేదవాడైనచో చనిపోయిన కూలి పిల్లలకు ఏమియు దక్కదు. బండి కొనుచున్న ప్రతి రైతును నేను చేతులు జోడించి వేడునదేమన, మీ బండి తొట్టిలో మనుష్యులను ఎక్కింపకుడు. కూలీలను ఆటోలోనో బస్సులోనో పంపుడు.

కాగితముల విషయమున మనవారి యుదాసీనత మిక్కుటము. అమ్మువానిచేత యాజమాన్యపు బదిలీకైన 29, 30 నెంబరు ఫారములమీద సంతకములు పెట్టించుకొని, వానిని పెట్టెలో దాచుకొని, పాతవాని పేరుమీదనే ఏండ్లకొలది బండి నడపుట మన పల్లెలలో సర్వసాధారణము. ఇది ఇరువురకును ప్రమాదకరము. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టముగా చెప్పినది: బండి ఎన్ని చేతులు మాఱినను, రిజిస్ట్రేషను ఎవరి పేరున నున్నదో వారే ప్రమాద పరిహారమునకు బాధ్యులు. కొన్నవాడు ముప్పది దినములలో తన పేరుమీదికి మార్పించుకొనవలెనని, ఇన్సూరెన్సును పదునాలుగు దినములలో మార్పింప కోరవలెనని చట్టము. ఆర్.సి.లో ఫైనాన్సు సంస్థ పేరు హైపొథికేషనుగా నున్నచో, ఆ అప్పు తీఱినదని సంస్థ ముద్రతో 35వ నెంబరు ఫారము చేతికి రానిదే పూర్తి పైకము ఇయ్యరాదు. తెలంగాణమున నమోదైన బండిని ఆంధ్రమునకు తెచ్చుకొనువారు, ఆంధ్రపు బండిని తెలంగాణమునకు తీసికొనిపోవువారు, పాత రాష్ట్రపు నిరభ్యంతర పత్రము (ఎన్.ఓ.సి.)తోపాటు క్రొత్త రాష్ట్రమున కట్టవలసిన పన్నును ముందుగనే విచారించుకొనవలెను. పన్ను బకాయిలు, చలానాలు, ఫిట్‌నెస్ గడువు ఇవి యన్నియు బండి నెంబరుతో సరిచూచుకొనవలెను. మొత్తపు బరువు 3,000 కిలోలు మించని సరకుబండికి పర్మిట్టు అక్కఱలేదు. 7,500 కిలోల లోపు బండికి మామూలు తేలికవాహనపు (ఎల్.ఎం.వి.) లైసెన్సు చాలునని సుప్రీంకోర్టు 2017లో చెప్పి, 2024లో రాజ్యాంగ ధర్మాసనము ద్వారా దృఢపఱచినది.

అప్పు చేసి కొనువారికి ఒక లెక్క చెప్పవలెను. నాలుగు లక్షల అప్పు, మూడేండ్ల గడువు, నూటికి పదునైదు వడ్డీ యనుకొందము. తగ్గుచున్న అసలుమీద వడ్డీ లెక్కించినచో నెలవాయిదా సుమారు 13,900 రూపాయలు. మొదటి అసలంతటిమీదను చివరివఱకు లెక్కించు ఫ్లాట్ వడ్డీయైనచో అదే పదునైదు శాతము నెలకు 16,100 రూపాయలగును. మూడేండ్లలో తేడా సుమారు ఎనుబదివేలు. వడ్డీ ఎంతయని మాత్రమే అడిగి ఊరకొన్నవానికి ఈ తేడా తెలియదు. నెలకు ఎంత, ఎన్ని నెలలు, మొత్తము ఎంత యని కాగితముమీద వ్రాయించుకొనవలెను. ఆ నెలవాయిదాకు డీజిలు, టైర్లు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, మరమ్మతులు కలిపి, గడచిన యేడు మీరు బాడుగలకు ఇచ్చిన మొత్తముతో పోల్చి చూడుడు. బాడుగ మొత్తమే తక్కువైనచో, ఇరుగుపొరుగు రైతులు నలుగురు కలిసి ఒక బండివానితో సంవత్సరపు ఒడంబడిక చేసికొనుట, కొనుటకంటె తెలివైన పని. కొన్నవారైనను ఖాళీ దినములలో తోటివారి సరకు వేసికొని పోవుటకు ముందుగనే మాట మాట్లాడుకొనవలెను.

బేరము కుదిరిన దినమున పైకము మొత్తము ఇచ్చివేయక, బ్యాంకు ద్వారా అధికభాగము చెల్లించి, ఆర్.సి. మీ పేరుమీద వచ్చు వఱకు కొంత నిలుపుకొనుడు. తేదీ, సమయము, మీటరు అంకె వేసి, ఆ క్షణమునకు ముందటి చలానాలు ప్రమాదములు అమ్మువానివని, తరువాతివి కొన్నవానివని అమ్మకపు రసీదులో వ్రాయించి, ఇరువురును సాక్షులును సంతకములు చేయుడు. ఛాసిస్ నెంబరుమీద కాగితము పెట్టి పెన్సిలుతో రుద్ది, ఆ ముద్రను ఆర్.సి. అంకెలతో మీరే స్వయముగా సరిచూచుకొని, తేడా యేమియు లేదని తేలిన తరువాతనే తాళముచెవి అందుకొనుడు.